ఫోన్ పెట్టేశాక మాకు రెండు నిమిషాలివ్వండి: వర్కర్స్ కాంప్ కేసులు చూసే తెలుగు డాక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టరు గారూ, నమస్కారం.

గోడౌన్‌లో బరువులెత్తి నడుము పట్టేసిన మనిషిని, నిచ్చెన మీంచి పడి మణికట్టు విరిగిన రూఫింగ్ పనివాణ్ణి అమెరికాలో మీరు చూస్తారు. ఇవే వర్కర్స్ కాంప్, అంటే పనిలో తగిలిన గాయాలకు ఇన్సూరెన్స్ చెల్లించే కేసులు. ఆ విజిట్లకు కోడ్లు వేసేదీ, క్లెయిమ్ పంపేదీ, వెనక్కొచ్చిన దాని వెంటపడేదీ హైదరాబాద్‌లోనో విశాఖలోనో రాత్రిపూట కూర్చునే మాలాంటివాళ్ళం. ఆఫీసు విజిట్ల గురించి మీకు మేం చెప్పాల్సిందేమీ లేదు, అవి గాడిలోనే నడుస్తున్నాయి. ఈ లేఖ మీరు ఫోన్లో మాట్లాడే సమయం గురించి. అందులో కొంత బిల్లుకు ఎక్కాల్సి ఉండీ ఎక్కడం లేదు. కొంత ఎక్కకూడనిది ఎక్కి, ఆడిట్లో తిరిగి కట్టాల్సి వస్తోంది. రెండింటికీ మూలం ఒకటే, కాల్ నోట్.

మా చేతికొచ్చే నోట్ సాధారణంగా ఇలా ఉంటుంది: "స్పోక్ విత్ ఎన్‌సీఎం. ఆర్‌టీడబ్ల్యూ డిస్కస్డ్. 15 మిన్." నర్స్ కేస్ మేనేజర్‌తో, మళ్ళీ పనిలోకి వెళ్ళడం గురించి, పావుగంట. ఇంతే. దీన్ని పట్టుకుని ఏ కోడూ వేయలేం. డాక్టర్లు ముందు నిమిషాలు చూస్తారు. మేం ముందు చూసేది అవతల ఉన్నదెవరని. అది తెలిస్తేనే నిమిషాలకు అర్థం వస్తుంది.

మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ కేసులో మీకు ఫోన్ చేసేది పేషెంటు, మహా అయితే ఫార్మసీ. వర్కర్స్ కాంప్‌లో వరస పెద్దది. క్లెయిమ్ చూసే అడ్జస్టర్, నర్స్ కేస్ మేనేజర్, కంపెనీ హెచ్‌ఆర్, ఫిజికల్ థెరపిస్టు, ఎంఆర్‌ఐ వద్దన్న రివ్యూ డాక్టరు, రెండు పక్షాల లాయర్లు. సీపీటీ, అంటే డాక్టర్లు చేసే ఒక్కో పనికి ఒక్కో నంబరు ఇచ్చే పుస్తకంలోని ఫోన్ కోడ్లలో ఎక్కువ భాగం రాసింది పేషెంటుతో మాట్లాడిన కాల్‌కే. అడ్జస్టర్‌తో ఇరవై నిమిషాలు మాట్లాడి ఆ కోడ్ వేయమంటే, అది పేషెంటుతో మాట్లాడినట్టు రాసిచ్చినట్టే అవుతుంది. డబ్బు రాకపోవడం అక్కడ చిన్న సమస్య.

ముందు తేలికైనది, పేషెంటుతో మాట్లాడిన కాల్.

2024 డిసెంబర్ 31 వరకు 99441, 99442, 99443 ఉండేవి. ఐదు నుంచి పది నిమిషాలు, పదకొండు నుంచి ఇరవై, ఇరవై ఒకటి నుంచి ముప్ఫై. 2025 జనవరి 1 నుంచి సీపీటీ వాటిని తీసేసింది. ఇప్పుడు ఆడియో మాత్రమే ఉన్న విజిట్లకు కొత్త పేషెంటైతే 98008 నుంచి 98011, పాత పేషెంటైతే 98012 నుంచి 98015. ఇవి పాత ఫోన్ కోడ్లకు పేరు మార్చినవి కావు. వైద్య విషయం మీద మాట్లాడినది పది నిమిషాలు దాటాలి. ఆ తర్వాత ఎండీఎం (వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైనదో చెప్పే లెక్క) చూసైనా, ఆ రోజు ఆ పేషెంటు కోసం మీరు స్వయంగా పెట్టిన మొత్తం సమయం చూసైనా లెవెల్ నిర్ణయించవచ్చు. సమయం లెక్కన పాత పేషెంటుకు 98012కి 10 నిమిషాలు, 98013కి 20, 98014కి 30, 98015కి 40 నిండాలి.

ఒక ఉదాహరణ. నడుం నొప్పి పేషెంటు. ఎంఆర్‌ఐ రిపోర్టు చదవడానికి 4 నిమిషాలు, అతనితో మాట్లాడటానికి 14, నోట్ రాయడానికి 5. మొత్తం 23. సమయం లెక్కన 98013. అదే కాల్‌లో మందు మార్చి, ఎండీఎం మూడు అంశాల్లో రెండు మోడరేట్‌కు చేరితే, 23 నిమిషాలే అయినా 98014 అవుతుంది. కానీ మీరు నోట్‌లో "23 మిన్" అని ఒక్క అంకె వేస్తే, అందులో మాట్లాడింది పది దాటిందో లేదో మాకు తెలియదు. రెండు అంకెలు కావాలి: మాట్లాడింది ఎంత, మొత్తం ఎంత. మీ మెడికల్ అసిస్టెంట్ పేషెంటును లైన్లోకి తెచ్చేందుకు పట్టిన సమయం ఈ రెండింట్లో దేంట్లోనూ రాదు.

మాట్లాడింది ఐదు నుంచి పది నిమిషాల లోపైతే 98016. దీనికి మెలిక ఉంది. గడిచిన ఏడు రోజుల్లో అదే సమస్యకు చేసిన విజిట్‌కు కొనసాగింపుగా ఈ కాల్ రాకూడదు. ఈ కాల్ వల్ల 24 గంటల్లోనో, దొరికిన మొదటి అపాయింట్‌మెంట్‌కో పేషెంటు మీ దగ్గరికి రాకూడదు. "రేపు పొద్దున రండి, చూస్తాను" అని ఫోన్ పెట్టేస్తే ఆ కాల్ రేపటి విజిట్‌లో కలిసిపోతుంది. ఆపరేషన్ తర్వాత 90 రోజుల గ్లోబల్ పీరియడ్‌లో కుట్ల గురించి, వాపు గురించి చేసిన కాల్ కూడా సర్జరీ ఫీజులోనే పోతుంది. భుజం ఆపరేషన్లు చేసే డాక్టర్ల దగ్గర్నుంచి మాకు వచ్చే కాల్ నోట్లలో ఈ రకమే ఎక్కువ. వీటిని మేం బిల్లు చేయకపోతే నిర్లక్ష్యం అనుకోకండి.

ఇక రాష్ట్రాల సంగతి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. వర్కర్స్ కాంప్‌లో ప్రతి రాష్ట్రమూ ఉలిపికట్టే. ఫీ షెడ్యూల్ (ఏ పనికి ఎంత ఇస్తారన్న పట్టిక) ఎవరిది వాళ్ళదే, సీపీటీ ఏ సంవత్సరం పుస్తకాన్ని ఎప్పటినుంచి పాటిస్తారన్నదీ వాళ్ళ ఇష్టమే. వాషింగ్టన్ రాష్ట్రపు కార్మిక శాఖ, మనం ఎల్ అండ్ ఐ అని పిలిచేది, ఫీజుల పుస్తకాన్ని ఏటా జూలై 1న మారుస్తుంది. సీపీటీ మారేది జనవరి 1న. ఆ మధ్య ఆరు నెలల్లో ఏం చేయాలన్నది ఆ శాఖ విడుదల చేసే నోటీసు చూసి తేల్చుకోవాలి, మీ సాఫ్ట్‌వేర్ "ఇన్‌వాలిడ్ కోడ్" అన్నదని కాదు. పైగా మెడికేర్ (పెద్ద వయసువాళ్ళకు ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) 98000 నుంచి 98015 వరకు ఉన్న కోడ్లను గుర్తించదు, 98016ను మాత్రం గుర్తిస్తుంది. మెడికేర్ పట్టికను ఆధారం చేసుకుని రేట్లు కట్టే రాష్ట్రాల్లో 98013కి అసలు రేటే కనపడకపోవచ్చు. అలాంటిచోట 99213కి (పాత పేషెంటు ఆఫీసు విజిట్ కోడ్) 93 మోడిఫయర్ (ఆడియో మాత్రమే అని చెప్పే గుర్తు) తగిలించి పంపాలా, ఇంకోలా పంపాలా అన్నది ఆ రాష్ట్రపు నియమం చూసే నిర్ణయిస్తాం. అందుకే "కాలిఫోర్నియా పేషెంటుకు అదే కోడ్‌కు డబ్బులొచ్చాయి కదా" అన్న మాట దగ్గర మాకు జవాబు ఉండదు.

తేదీ దగ్గర కూడా ఒక గొయ్యి ఉంది. 2024 డిసెంబర్ 31 సాయంత్రం ఐదింటికి సియాటెల్‌లో మీరు కాల్ చేస్తే, మాకు జనవరి 1 ఉదయం ఆరున్నర. మా వైపు సిస్టమ్‌లో ఎంట్రీ తేదీ జనవరి 1 పడుతుంది. సర్వీసు తేదీ మాత్రం మీ ఊరి తేదీయే, అంటే పాత కోడ్. నోట్‌లో మీరు తేదీ, టైమ్ రాయకపోతే ఆ ఒక్క రోజు తేడాకు కోడ్ మొత్తం తప్పవుతుంది. ఏటా కోడ్లు మారే జనవరి 1న, జూలై 1న ఇదే ప్రమాదం.

ఇప్పుడు అసలు చిక్కు, పేషెంటు కాని వాళ్ళతో మాట్లాడిన కాల్స్.

వాషింగ్టన్ ఈ విషయంలో డాక్టరు వైపున్న రాష్ట్రం. అక్కడ అటెండింగ్ డాక్టరు స్వయంగా మాట్లాడితే చాలు. అవతల వర్కర్ ఉన్నా, యజమాని ఉన్నా, ఎల్ అండ్ ఐ సిబ్బంది, వొకేషనల్ కౌన్సెలర్, నర్స్ కేస్ మేనేజర్, ఇంకో డాక్టరు ఎవరున్నా వైద్యాన్నో పనిలోకి వెళ్ళడాన్నో సమన్వయం చేసే కాల్‌కు డబ్బు ఇస్తారు. వివరమైన మెసేజ్ రికార్డు చేసి పెట్టినా, నోట్ సరిగ్గా ఉంటే ఇస్తారు. ఇవ్వనివి కూడా స్పష్టంగా చెప్పారు: ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) కోసం చేసిన కాల్, బిల్లింగ్ గొడవ తేల్చుకోవడానికి చేసిన కాల్, ప్రిస్క్రిప్షన్ ఆర్డర్ చేసిన కాల్. కాబట్టి ఒకే కాల్‌లో ఎంఆర్‌ఐ ఆథరైజేషన్ గురించి పది నిమిషాలు, లైట్ డ్యూటీ గురించి పది నిమిషాలు మాట్లాడితే, మీరు విడదీసి రాయాలి. "డిస్కస్డ్ ఎంఆర్‌ఐ అండ్ డ్యూటీ, 20 మిన్" అని రాస్తే ఇరవైకి ఇరవై పోగొట్టుకున్నట్టు.

టెక్సాస్ దారి వేరు. అక్కడ ట్రీటింగ్ డాక్టరు చేసే కేస్ మేనేజ్‌మెంట్ కాల్స్‌కు ప్రత్యేక నియమం ఉంది, షరతులూ ఉన్నాయి. పేషెంటు పరిస్థితిలో మార్పు వచ్చి, దాన్ని మీరు రికార్డు చేసి ఉండాలి, కాల్‌కు కారణం ఆ మార్పే కావాలి. అవతలివాళ్ళు మీ ఉద్యోగులు కాకూడదు. కాల్ ఎందుకు, ఏం తేలింది, మాట్లాడినవాళ్ళ పేరు, స్పెషాలిటీ నోట్‌లో ఉండాలి. 30 రోజుల్లో ఒకసారి కంటే ఎక్కువ చేస్తే, కారణం పనిలోకి వెళ్ళే ఏర్పాట్లో, వైద్య ప్రణాళిక మార్పో, ముందిచ్చిన సూచనలు మార్చడమో స్పష్టం చేయడమో, చాలా స్పెషాలిటీలు అవసరమైన పెద్ద గాయమో కావాలి. మేం టెక్సాస్ నోట్ చేతికి రాగానే వెతికే మొదటి మాట "మార్పు". "రొటీన్ అప్‌డేట్ కోసం కేస్ మేనేజర్ ఫోన్ చేసింది" అని ఉంటే, అది నిజమే కావచ్చు, బిల్లు మాత్రం కాదు.

కొలరాడోలో యజమానితోనో, క్లెయిమ్ ప్రతినిధితోనో, లాయర్‌తోనో డాక్టరు ఫోన్లో మాట్లాడితే దానికి రాష్ట్రం సొంతంగా పెట్టుకున్న జడ్ అక్షరంతో మొదలయ్యే కోడ్లున్నాయి. పదిహేను నిమిషాలు ఒక యూనిట్, బిల్లు వెళ్ళేది మాట్లాడమని అడిగినవాళ్ళకి. నోట్‌లో "ఎవరు ఫోన్ చేశారు" అన్నది రాయకపోతే బిల్లు ఎవరికి పంపాలో కూడా తెలియని పరిస్థితి.

ఇలాంటి నియమం లేని రాష్ట్రాల్లో మీకు కొందరు చెప్పే అడ్డదారులు మూడు.

మొదటిది 99367, టీమ్ కాన్ఫరెన్స్. దీనికి వేర్వేరు విభాగాల నుంచి కనీసం ముగ్గురు ఉండాలి, ముగ్గురూ ఆ పేషెంటుకు నేరుగా వైద్యం చేస్తున్నవాళ్ళై ఉండాలి, గత 60 రోజుల్లో చూసి ఉండాలి, సమయం 30 నిమిషాలకు తగ్గకూడదు. మీరు, ఫిజికల్ థెరపిస్టు, సైకాలజిస్టు కలిసి మాట్లాడితే సరిపోతుంది. మీరు, అడ్జస్టర్, ఇన్సూరెన్స్ తరఫు కేస్ మేనేజర్ మాట్లాడితే లైన్లో ముగ్గురున్నారే గానీ పేషెంటును చూసింది ఒక్కరే.

రెండోది 99358, పేషెంటు ఎదురుగా లేకుండా చేసిన సుదీర్ఘ పని. ముప్ఫై నిమిషాలకు తక్కువైతే లేదు. ఏదో ఒక విజిట్‌కు ముడిపడి ఉండాలి, ఆ విజిట్ జరిగిన రోజున వేయకూడదు. మెడికేర్ 2023 నుంచి దీన్ని గుర్తించడం లేదు. 350 పేజీల పాత రికార్డులు చదివి, దాని మీద మాట్లాడి, గంట పట్టినరోజున కొన్ని రాష్ట్రాల్లో పనికొస్తుంది. పదిహేను నిమిషాల కాల్‌కు కాదు.

మూడోది, అందరూ మెల్లగా అడిగేది: "మొన్నటి 99213ని ఒక మెట్టు పైనున్న 99214 చేసి, ఇందులో కలిపేయండి." కలపం. ఆ రోజు జరగని పనిని ఆ రోజు విజిట్‌లో పెట్టడం అది. కంపెనీ మెయిల్లో రాసినా కలపం.

నిజంగా పనిచేసే దారి ఒకటుంది, కొంచెం మొహమాటం పక్కన పెట్టాలి. కేస్ మేనేజర్ అపాయింట్‌మెంట్ అడిగినప్పుడే మీ ఫ్రంట్ డెస్క్ ఒక కాగితం పంపాలి. డాక్టరు సమయం ఇంత, పావుగంటకు ఇంత, మీ రాష్ట్ర ఫీ షెడ్యూల్‌లో దీనికి కోడ్ లేకపోతే ఈ రేటుకు ఒప్పుకుంటున్నాం అని అడ్జస్టర్ సంతకం. ఫీ షెడ్యూల్‌లో రేటు ఉన్న పనికి దాన్ని మించి అడగకూడదు, కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి ఒప్పందానికీ హద్దులున్నాయి, కాబట్టి మొదటిసారి పంపేముందు మాకో లాయర్‌కో చూపించండి. కాల్ అయిపోయాక అడిగితే ఏ అడ్జస్టరూ సంతకం పెట్టడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

డాక్టరుకు డాక్టరు చేసే సంప్రదింపు వేరే పద్దు. కన్సల్టెంటు వైపు 99446 నుంచి 99449, మీ వైపు 99452. మీది పదహారు నిమిషాలకు తగ్గకూడదు, పద్నాలుగు రోజుల్లో ఒకసారే. ఎంఆర్‌ఐ తిరస్కరించిన రివ్యూ డాక్టరుతో జరిగే పీర్-టు-పీర్ కాల్‌ను చాలామంది దీని కింద వేయమంటారు. అతను పేషెంటు గురించి సలహా ఇస్తున్న కన్సల్టెంటు కాదు, ఇన్సూరెన్స్ తరఫున కూర్చున్న మనిషి. ఆ ఇరవై నిమిషాలు సాధారణంగా ఎవరూ ఇవ్వరు. అన్యాయమే. దాన్ని సరిచేయాల్సింది రాష్ట్రాల బోర్డులు, మా కోడ్ పుస్తకం కాదు.

ఇక మాట్లాడటానికి మీకు అధికారం ఉందా అన్నది. హిపా (పేషెంటు సమాచార గోప్యత చట్టం) నియమాల్లో 164.512(ఎల్) అనే భాగం, రాష్ట్ర వర్కర్స్ కాంప్ చట్టం ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు పేషెంటు సంతకం లేకుండా సమాచారం ఇవ్వొచ్చంటుంది. "రాష్ట్ర చట్టం అనుమతిస్తే" అన్న ముక్క మర్చిపోవద్దు. కొన్ని రాష్ట్రాల్లో పేషెంటుకో అతని లాయర్‌కో తెలియకుండా కేస్ మేనేజర్‌తో మీరు విడిగా మాట్లాడకూడదు. అలా మాట్లాడిన కాల్‌కు బిల్లు పంపితే, తప్పుకు మనమే సాక్ష్యం పంపినట్టు. గాయానికి సంబంధం లేని పాత జబ్బుల ప్రస్తావన వచ్చినా జాగ్రత్త.

సరే, మాకు కావలసిన నోట్ ఎలా ఉండాలో చూపిస్తాం. పైన చూపించిన పావుగంట కాలే, ఇలా రాస్తే:

"మార్చి 11, మధ్యాహ్నం 2:05 నుంచి 2:22. ఇన్సూరెన్స్ తరఫు నర్స్ కేస్ మేనేజర్ (పూర్తి పేరు) ఫోన్ చేశారు. నేనే మాట్లాడాను. మార్చి 4న ఎడమ కాలికి కొత్తగా తిమ్మిరి వచ్చినందువల్ల పని పరిమితులు మారాయి. 20 పౌండ్ల నుంచి 10 పౌండ్లకు తగ్గించాను, వంగడం గంటకు రెండుసార్లకు మించి వద్దన్నాను. యజమాని కూర్చుని చేసే పని ఇస్తామన్నారని ఆమె చెప్పారు, దానికి ఒప్పుకున్నాను. వారానికి మూడు థెరపీ సిట్టింగులు కొనసాగుతాయి. మూడు వారాల్లో మళ్ళీ చూస్తాను. ఆథరైజేషన్ గురించి 3 నిమిషాలు విడిగా మాట్లాడాం, దాన్ని పై లెక్క నుంచి తీసేయగా 14 నిమిషాలు."

ఇది చదవడానికి ఒక నిమిషం, రాయడానికి రెండు. ఇందులో తేదీ, టైమ్, అవతలి మనిషి, ఫోన్ చేసినది ఎవరు, మార్పు, నిర్ణయం, డబ్బు రాని ముక్కను తీసేసిన లెక్క, అన్నీ ఉన్నాయి. "డిస్కస్డ్" అనే మాట ఒక్కసారి కూడా లేదు. బిల్లు చూసే రివ్యూవర్‌కు మీరేం మాట్లాడారో అక్కర్లేదు, ఏం నిర్ణయించారో కావాలి. ఫోన్ పెట్టేసిన గంటలోపు రాసిన నోట్‌కూ, శుక్రవారం సాయంత్రం కూర్చుని వారం మొత్తానికి రాసిన నోట్లకూ తేడా మాకు ఇక్కడినుంచే తెలుస్తుంది. అన్ని కాల్సూ సరిగ్గా పదిహేను నిమిషాలే ఉంటాయి.

క్లెయిమ్ పంపే పని మాది, అయినా మీ ఆఫీసు నుంచి రావాల్సినవి రెండున్నాయి. ఒకటి, క్లెయిమ్ నంబరు. సీఎంఎస్-1500 అనే క్లెయిమ్ ఫారంలో 11బి గడిలో వై4 అనే గుర్తు పక్కన అది పడాలి, 10ఎ గడిలో ఉద్యోగానికి సంబంధించినదని టిక్ ఉండాలి, 14వ గడిలో గాయం తేదీ ఉండాలి. పేషెంటు ఐడీని క్లెయిమ్ నంబరు అనుకుని పంపితే బిల్లు ఎవరి బల్ల మీదికీ చేరదు. గాయం తేదీ బదులు మొదటి విజిట్ తేదీ వేసినా అంతే. రెండోది, నోట్ కాపీ. వర్కర్స్ కాంప్‌లో నోట్ జతచేయని బిల్లుకు విలువ లేదు. ఎలక్ట్రానిక్‌గా పంపితే జోడింపుకు ఒక నంబరు ఇస్తాం, ఆ నంబరూ నోటూ కలవాలి. మీ సిస్టమ్‌లో టెలిఫోన్ ఎన్‌కౌంటర్ సంతకం పెట్టకుండా తెరిచి వదిలేస్తే మాకు అసలు కనపడదు. మీరు మర్చిపోయారో, బిల్లు చేయవద్దనుకున్నారో తెలియక మేం ఊరుకుంటాం.

గడువులు కూడా గుర్తుంచుకోండి. టెక్సాస్‌లో సర్వీసు తేదీ నుంచి 95 రోజుల్లో బిల్లు చేరాలి. కాలిఫోర్నియాలో 12 నెలలు, వాషింగ్టన్‌లో ఏడాది. నాలుగో నెలలో సంతకం పెట్టిన టెక్సాస్ కాల్ నోట్‌తో మేం చేయగలిగింది ఏమీ లేదు.

వెనక్కొచ్చిన వాటిలో కారణం కోడ్ పీ12 అని వస్తే అది ఫీ షెడ్యూల్ ప్రకారం తగ్గింపు, దాని మీద పోట్లాట అనవసరం. 97 అని వస్తే ఇంకో సర్వీసులో కలిసి ఉందంటున్నారు, ఆ రోజో ఆ వారమో విజిట్ ఉందేమో, గ్లోబల్ పీరియడేమో చూస్తాం. కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ ఇచ్చిన ఈఓఆర్ (ఎంత ఇచ్చారు, ఎందుకన్న వివరణ పత్రం) అందిన 90 రోజుల్లో రెండో సమీక్ష అడగాలి. అదీ కాదంటే 30 రోజుల్లో ఇండిపెండెంట్ బిల్ రివ్యూ. దానికి ముందే కట్టే ఫీజు ఒక్క ఫోన్ కాల్ విలువను మించిపోతుంది, అందుకే అక్కడిదాకా మేం వెళ్ళం. టెక్సాస్‌లో పునఃపరిశీలనకు సర్వీసు తేదీ నుంచి పది నెలలు. ఇన్సూరెన్స్ ఎగ్గొట్టిన కాల్ డబ్బును పేషెంటుకు బిల్లుగా పంపమని మాత్రం అడగొద్దు. గాయం క్లెయిమ్ ఒప్పుకున్నాక వర్కర్ జేబులోంచి తీసుకోవడం కుదరదు.

మీకు సందేహం వస్తే అడగండి. సియాటెల్‌లో ఉదయం ఎనిమిదైతే వేసవిలో మాకు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. లైన్లోనే ఉంటాం. మేం "అవతల ఉన్నది ఎవరండీ?" అని క్వెరీ పెడితే మాత్రం, దయచేసి "సీ నోట్" అని జవాబివ్వకండి. నోట్ చూశాకే అడుగుతున్నాం.

ఇట్లు,
మీ వర్కర్స్ కాంప్ బిల్లులు చూసే కోడర్లు, ఏఆర్ కాలర్లు (రాని డబ్బు వెంటపడేవాళ్ళం)
హైదరాబాద్, విశాఖపట్నం